గంటలో రెండు మిల్లీమీటర్లు

టీవీలో వంటల పోటీ వస్తుంటే నా కళ్ళు వండేవాళ్ళ చేతుల మీద కన్నా గోడ మీది గడియారం మీదే ఎక్కువసేపు నిలుస్తాయి. 2021 ఆగస్టు 27న జెమినీ టీవీలో ‘మాస్టర్ చెఫ్’ తెలుగులో మొదలైనప్పుడూ అంతే. వ్యాఖ్యాతగా మొదట తమన్నా, తర్వాత అనసూయ. న్యాయనిర్ణేతలు సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేశ్ పడాల. పోటీకి నిలబడ్డవాళ్ళు మాత్రం ఇళ్ళలో వండుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి మీద, ఒకే మూకుడులో, ఇంట్లో వాళ్ళ నాలుకలకు సరిపడేట్టు వండినవాళ్ళు. వాళ్ళను తీసుకొచ్చి పెద్ద హాల్లో లైట్ల కింద నిలబెట్టి, ముప్పావు గంటో గంటో ఇచ్చి, వండి చూపించమంటారు. ఆ గంట వల్ల వంటలో ఏం మారుతుంది? ఏ వంటకాన్ని గడియారం గెలిపిస్తుంది, దేన్ని ఓడిస్తుంది? ఈ అధ్యాయం ఆ లెక్క గురించి.

విశాఖపట్నంలో ద్వారకా నగర్ అంటే ఆర్టీసీ కాంప్లెక్సు, కోచింగ్ సెంటర్లు, పౌర గ్రంథాలయం. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు గదుల్లో అన్నం మాత్రం వండుకుని, కూర కర్రీ పాయింట్‌లో కొనుక్కుంటారు. సాయంత్రం ఏడింటికి అక్కడ నిలబడితే ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

“అక్కా, చేపల పులుసు ఇప్పుడే దింపారా?”

“ఇప్పుడు దింపితే ఏం బాగుంటుంది నాన్నా? పొద్దున్నే పెట్టేశాను. ముక్కకి పట్టాలి కదా.”

ముక్కకి పట్టాలి. ఈ మాట మన వంటిళ్ళలో అనని రోజుండదు. దీని వెనక భౌతికశాస్త్రంలో గట్టి నియమం ఒకటి ఉంది. 1822లో ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫూరియే, వేడి ఒక వస్తువులోంచి ఎలా ప్రయాణిస్తుందో సమీకరణం రాశాడు. 1855లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త, పాతికేళ్ళు దాటీ దాటని వయసులో, అదే సమీకరణం నీళ్ళలో కరిగిన ఉప్పుకు కూడా వర్తిస్తుందని చూపించాడు. వేడికైనా ఉప్పుకైనా గణితం ఒకటే. తేడా అంతా వేగంలో ఉంది.

ఉప్పు ముక్కలోకి తిన్నగా పోదు. సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ కాంప్లెక్సులో సంచి పట్టుకుని బస్సు దాకా చేరాలనుకునే మనిషిలాగే, నలువైపుల నుంచి తోపులాటలో ఇటు రెండడుగులు, అటు ఒకటిన్నర అడుగు పడుతూ పోతుంది. దాన్ని తోసేవి నీటి అణువులు. ఇలాంటి నడకలో దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగింతలవుతుంది, దూరం మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ ప్రయాణాన్ని విసరణ అంటారు.

అంకెలు వేసి చూద్దాం. మాంసం, చేప, కూరగాయ లాంటి తడి పదార్థాల్లో ఉప్పు విసరణ గుణకం సుమారుగా సెకనుకు చదరపు మిల్లీమీటరులో వెయ్యో వంతు. గంటకు 3600 సెకన్లు. గుణిస్తే 3.6 చదరపు మిల్లీమీటర్లు. దాని వర్గమూలం 1.9. అంటే గంటసేపు పులుసులో ఉన్న ముక్కలోకి ఉప్పు చెప్పుకోదగినంతగా దిగేది దాదాపు రెండు మిల్లీమీటర్లు. వేడికి అదే గుణకం సెకనుకు 0.14 చదరపు మిల్లీమీటర్లు. అదే గంటలో వేడి రెండు సెంటీమీటర్ల పైచిలుకు లోపలికి వెళ్తుంది. ఉప్పు కన్నా పదిరెట్లకు పైగా ఎక్కువ దూరం.

ఇప్పుడు రెండు సెంటీమీటర్ల మందం ఉన్న వంజరం ముక్కను తీసుకోండి. దాని నడిబొడ్డు ఏ వైపు నుంచి చూసినా ఒక సెంటీమీటరు లోపల ఉంటుంది. అక్కడికి వేడి చేరడానికి పన్నెండు నిమిషాలు చాలు. ఉప్పు చేరడానికి, పైలెక్కన, లక్ష సెకన్లు పడుతుంది. దాదాపు 28 గంటలు. మరుగుతున్న పులుసులో ఉప్పు మూడు రెట్లు చురుగ్గా కదులుతుందని అనుకుందాం. అప్పుడైనా గంటకు 3 మిల్లీమీటర్ల పైన కొంచెం, అంతే. పోనీ, గంటల తరబడి మరిగిద్దామా అంటే చేప ఆగదు. చేప కండను కలిపి ఉంచే కొల్లాజెన్ మేక మాంసంలోని కొల్లాజెన్ కన్నా చాలా బలహీనం, 60 డిగ్రీల లోపే కరగడం మొదలుపెడుతుంది. పావుగంట దాటి ఉడికించిన కొద్దీ ముక్క విడిపోతుంది. కాబట్టి మిగిలిన దారి ఒక్కటే. దింపేసి, మూతపెట్టి, ఆగడం. పొద్దున పెట్టి సాయంత్రం అమ్మే అక్క ఫిక్ సమీకరణాన్ని అక్షరాలా పాటిస్తోంది.

ఇంట్లో చేసి చూడగలిగిన ప్రయోగం ఒకటుంది. ఉడికించిన కోడిగుడ్లు మూడు ఒలిచి బీట్‌రూట్ రసంలో వేయండి. గంట తర్వాత ఒకటి తీసి సగానికి కోయండి, రాత్రి పడుకునే ముందు రెండోది, మర్నాడు పొద్దున మూడోది. మొదటిదానిలో రంగు సన్నని గీతలా అంచునే ఉంటుంది. మూడోదానిలో కూడా, రాత్రంతా నానినా, తెల్లసొన పూర్తిగా ఎర్రబడి ఉండకపోవచ్చు. బీట్‌రూట్ రంగు అణువు ఉప్పు కన్నా పెద్దది, అది ఇంకా నిదానంగా పోతుంది. స్కూలు పిల్లలకు వర్గమూలం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు.

ఉక్కు నగరానికి ఈ లెక్క బాగా తెలిసినదే. యంత్రాల గేర్ల పళ్ళు పైపొరలో గట్టిగా, లోపల కాస్త సాగేట్టుగా ఉండాలి. అందుకోసం ఉక్కును 900 డిగ్రీల పైన వేడిచేసి కార్బన్ ఉన్న వాయువుల మధ్య ఉంచుతారు. కార్బన్ ఒక మిల్లీమీటరు లోతుకు దిగడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. రెండు మిల్లీమీటర్లు కావాలంటే పదహారు గంటలు. ఉప్పు చేపలోకి పోయినా కార్బన్ ఇనుములోకి పోయినా ఫిక్ నియమం ఒకటే. గోదావరి, కృష్ణ అని మొదటి రెండు బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టి, మూడోదానికి అన్నపూర్ణ అని పెట్టుకున్న ఊరు ఇది. ఆ పేరు ఎవరికి తట్టిందో గాని, పొయ్యికీ కొలిమికీ ఉన్న చుట్టరికాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

గడియారం మెచ్చే వంటలు

గంటలో ఉప్పు రెండు మిల్లీమీటర్లే పోతుందని తేలాక, పోటీల్లో ఎలాంటి వంటకాలు గెలుస్తాయో ముందే ఊహించవచ్చు. పల్చగా తరిగినవి. సన్నగా రుబ్బినవి. పైపొర మీదే రుచంతా ఉండేవి. అంటే వేపుళ్ళు, కాల్చిన మాంసం, పైన జల్లిన పొడులు, పక్కన పోసిన చిక్కటి సాస్. పోటీ అనుభవం వస్తున్నకొద్దీ వండేవాళ్ళు ముక్కలను చిన్నవి చేసుకుంటూ పోవడం మీరు గమనించే ఉంటారు. ముక్క మందం సగం చేస్తే కాలం నాలుగో వంతుకు పడిపోతుంది.

ఈ కిటుకు మన వంటింటికి ఏనాడో తెలుసు. గుత్తి వంకాయకు నాలుగు చీలికలు పెట్టి, కారం లోపలే కూరడం అంటే ఉప్పు చేరవలసిన దూరాన్ని ముందే కత్తితో కొట్టిపారేయడం. వేయించే చేపకు ఇరువైపులా కాట్లు పెట్టడమూ అదే. అందుకే గుత్తి వంకాయ కూర పోటీలో నెగ్గగలదు, వంకాయ పెద్ద ముక్కలు వేసిన పులుసు నెగ్గడం కష్టం. రెండింటి మధ్య తేడా వండే చేతిది కాదు, జ్యామితిది.

వేపుడు గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఇంకో గడియారం ఉంది. ఉల్లిపాయ ఎర్రగా వేగినప్పుడు వచ్చే ఆ కమ్మని వాసన చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే చర్యల గొలుసు వల్ల పుడుతుంది. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ పేరుతో మయార్ చర్య అంటారు. అది జోరందుకోవాలంటే ఉష్ణోగ్రత నూరు డిగ్రీలు బాగా దాటాలి. ఉల్లిపాయలో నీళ్ళున్నంతసేపూ అది నూరు దాటదు. ఉల్లిపాయ బరువులో పదింట తొమ్మిది వంతుల దాకా నీళ్ళే.

అరకిలో ఉల్లిపాయలను బిర్యానీకి వేయించినట్టు వేయించాలంటే సుమారు 380 గ్రాముల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీరు ఆవిరి కావడానికి 2260 కిలోజౌళ్ళ వేడి కావాలి. మన ముక్కలకు దాదాపు 860, వాటిని నూరు డిగ్రీలకు తేవడానికి ఇంకో నూటయాభై, మొత్తం వెయ్యి కిలోజౌళ్ళు. ఇంట్లో పెద్ద బర్నర్ రెండు కిలోవాట్లు ఇస్తుందనుకుని, అందులో గిన్నెకు చేరేది 1.2 అనుకుంటే పద్నాలుగు నిమిషాలు. ఇది లెక్క ప్రకారం కనీస కాలం, మాడకుండా కలుపుతూ వేయిస్తే ఇంకా పెరుగుతుంది. పోటీలో ఇచ్చిన గంటలో నాలుగో వంతు ఉల్లిపాయ నీళ్ళకే పోయింది. “ఉల్లిపాయలు సరిగ్గా వేగలేదు” అని న్యాయనిర్ణేత తప్పుపట్టినప్పుడు నాకు ఆ పోటీదారు మీద జాలి వేస్తుంది. తొందరపడినా నీటికి ఆవిరయ్యే వేడి తగ్గదు. వెడల్పాటి మూకుడు తీసుకోవడం, ముందే ఉప్పు చల్లి నీరు ఊరేలా చేయడం, చిటికెడు వంటసోడా వేసి చర్యను త్వరపెట్టడం, ఇవి కొంత ఆదుకుంటాయి. సోడా ఎక్కువైతే ఉల్లిపాయ గుజ్జయిపోతుంది.

కాలాన్ని కుదించే పెద్ద ఆయుధం కుక్కర్. దీనికి ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. 1679లో దనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ‘డైజెస్టర్’ అనే ఆవిరి పాత్రను తయారుచేశాడు. 1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులకు అందులో వండిన విందు పెట్టాడు. గట్టి ఎముకలు కూడా అందులో మెత్తబడ్డాయని జాన్ ఎవెలిన్ తన దినచర్యలో రాసుకున్నాడు. వండినవాడు వృత్తి వంటవాడు కాదు, రుచి చూసినవాళ్ళు శాస్త్రవేత్తలు. వంటల పోటీల చరిత్ర నన్ను రాయమంటే ఆ రాత్రి నుంచే మొదలుపెడతాను.

కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పది డిగ్రీలకు రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పుకుంటాం. ఇరవై డిగ్రీలకు నాలుగు రెట్లు. కందిపప్పు మెత్తబడటం, మేక మాంసంలోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారడం రసాయన చర్యలు, కనుక అవి బాగా త్వరపడతాయి. కానీ ఉప్పు లోపలికి నడవడం రసాయన చర్య కాదు. అదే ఇరవై డిగ్రీలకు విసరణ వేగం మూడో వంతు పెరుగుతుంది, అంతే. కుక్కర్‌లో వండిన మటన్ ముక్క వెన్నలా మెత్తగా ఉండి, కొరికితే లోపల చప్పగా ఉండటానికి కారణం ఇదే. కుక్కర్ ఉడకడాన్ని తొందరపెట్టగలదు, పట్టడాన్ని తొందరపెట్టలేదు. పోటీల్లో నేను చూసిన ఓటముల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క తేడాలో ఉందని నా నమ్మకం.

పులుపు విషయంలోనూ గడియారం వలపన్నుతుంది. కూరగాయల కణాల గోడలు ఆమ్లంలో మెత్తబడటానికి మొరాయిస్తాయి. చింతపండు పులుసు ముందే పోస్తే కంద ముక్కలు, చిక్కుడు గింజలు ఎంతసేపైనా గట్టిగానే ఉంటాయి. ఇంట్లో ముక్క ఉడికాకే పులుసు పోస్తారు. పోటీలో రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టినవాళ్ళకు ఆ ఇరవై నిమిషాలు తిరిగి రావు.

అలాగని కాలాన్ని గెలిచిన వంటకాలు లేవని కాదు. 1949 డిసెంబరులో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో పిల్స్‌బరీ పిండి కంపెనీ ఇంటి వంటవాళ్ళకు పోటీ పెట్టింది. టీవీ ఇంకా ఇళ్ళలోకి పూర్తిగా రాని రోజులు. 50,000 డాలర్ల మొదటి బహుమతి థియొడోరా స్మాఫీల్డ్ అనే గృహిణికి వచ్చింది. ఆవిడ పులిసే పిండిని గుడ్డలో మూటకట్టి గోరువెచ్చని నీళ్ళలో వేసింది. గాలి కన్నా నీరు వేడిని ఎన్నో రెట్లు బాగా అందిస్తుంది, మూట మొత్తం త్వరగా వెచ్చబడుతుంది, ఈస్ట్ చురుకవుతుంది, పిండి పొంగుతుంది. ఇంటి వంటవాళ్ళ పెద్ద పోటీల్లో తొలినాటి బహుమతే ఇలా పులియడాన్ని త్వరపెట్టిన ఉపాయానికి దక్కింది. నాకు ఇది యాదృచ్ఛికంగా అనిపించదు.

నాలుక మీది లెక్క

న్యాయనిర్ణేత నాలుక సంగతి కూడా చూడాలి. కారం నిజానికి రుచి కాదు, నొప్పి, వేడి కలిసిన స్పర్శ. మిరపలోని కాప్సైసిన్ మన నాడుల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తెరిచేది కూడా అదే ద్వారాన్ని. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగు ఇళ్ళలో జనం టీవీ ముందు కూర్చుని ఎవరి కూర కారం సరిపోయిందో చర్చించుకుంటున్న సంవత్సరమే అది. పొగలు కక్కే గుంటూరు కారం కూర, అదే కారంతో చల్లారిన కూర నాలుకకు ఒకటి కావు. వేడీ కారం ఒకే తలుపు తడతాయి, కలిస్తే మంట పెరుగుతుంది. తీపి గ్రహించే కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ఇంకో ద్వారం ఉంది, అది వెచ్చదనంలో బాగా పనిచేస్తుందని 2005లో తేలింది. గోరువెచ్చని పాయసం అదే పంచదారతో చల్లని పాయసం కన్నా తియ్యగా అనిపించేది అందుకే.

కాబట్టి మొదట ఎవరిది రుచి చూశారు, ఎంత వేడిగా చూశారు అన్నది ఫలితాన్ని మారుస్తుంది. ఆహార ప్రయోగశాలల్లో ఈ చిక్కును తప్పించడానికి వంటకాలను ఒక్కొక్కరికీ ఒక్కో వరుసలో ఇస్తారు, మధ్యలో నోరు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు, అన్నిటినీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుతారు, ఎవరు చేశారో చెప్పరు. ఇంత జాగ్రత్త లేకపోతే నిపుణులు కూడా ఎంత తడబడతారో రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో చూపించాడు. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే సీసాలోని ద్రాక్ష సారాయిని మూడుసార్లు ఇచ్చాడు. ఒకే రకంగా మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. ఒక్క ముద్ద రుచి చూసి ఒక ఇల్లాలిని ఇంటికి పంపేసే పద్ధతి నాకు మింగుడుపడదు. కనీసం ఇద్దరు న్యాయనిర్ణేతలు వేరువేరు వరుసల్లో రుచి చూస్తే కొంత న్యాయం జరుగుతుంది. వండుతుండగానే బల్లల దగ్గరకొచ్చి గరిటెతో రుచి చూడటం మంచి అలవాటే, వేడి చల్లారక ముందే నాలుకకు అందుతుంది.

వండేవాళ్ళ వైపు నుంచి చూస్తే కష్టం ఇంకా పెద్దది. ఇంటి వంటలో కొలతలు చేతికి, ముక్కుకు, చెవికి తెలుసు. ఆవాలు చిటపటలాడటం ఆగిందంటే వాటిలోని తేమ ఆవిరై పేలడం అయిపోయిందని, నూనె సిద్ధమని చెవి చెబుతుంది. పొయ్యి మారితే, మూకుడు మందం మారితే ఆ గుర్తులన్నీ కాస్త కాస్త జరిగిపోతాయి. ఊరి ఎత్తు కూడా కలగజేసుకుంటుంది. సముద్రమట్టంలో ఉన్న విశాఖలో నీరు నూరు డిగ్రీలకు మరిగితే, 900 మీటర్ల పైన ఉన్న అరకులోయలో 97కే మరుగుతుంది. హైదరాబాదులో 98 చిల్లర. కుక్కర్ లేకుండా పప్పు వండితే ఆ రెండు మూడు డిగ్రీలు నిమిషాల్లో కనబడతాయి. మే నెలలో విశాఖ ఉక్కపోతకు దోశ పిండి ఆరేడు గంటల్లో పొంగుతుంది. ఏసీ హాల్లో అదే పిండిలోని ల్యూకోనోస్టాక్ బాక్టీరియాకు ఆ పని చేయడానికి దాదాపు రెట్టింపు సమయం కావాలి. ఇంటి పొయ్యి దగ్గర నేర్చుకున్నది హాల్లో తప్పితే, ఆ మనిషికి వంట రాదని అర్థం కాదు.

సీసాల్లో దాచిన కాలం

మన వంటింట్లో సగం పని పొయ్యి దగ్గర జరగదు. గుమ్మడి వడియం నూనెలో పది సెకన్లలో పొంగి లేస్తుంది. ఆ పది సెకన్ల వెనక రెండు మూడు రోజుల ఎండ ఉంది. ఆవకాయ కలిపిన రోజున ముక్క ముక్కగానే, కారం కారంగానే ఉంటుంది. ఉప్పు మామిడి ముక్కలోంచి నీటిని లాగుతుంది, ఆ తడికి ఆవపిండిలోని మైరోసినేజ్ ఎంజైము మేల్కొని ఘాటును విడుదల చేస్తుంది, ఉప్పూ కారం ఊటలో కరిగి ముక్కలోకి దిగడం మొదలవుతుంది. మూడో రోజు మళ్ళీ కలిపేది ఆ ఊట అన్ని ముక్కలకూ సమంగా అందడానికే. కందిపొడి, నల్లకారం, ఎండబెట్టిన గోంగూర, మజ్జిగ మిరపకాయలు, ఎండు చేపలు. ఇవన్నీ ముందుగా ఖర్చుపెట్టి నిలవచేసిన సమయం. పొద్దున్నే హడావిడిలో ఏమీ వండలేని తల్లి వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి ఐదు నిమిషాల్లో పిల్లలను బడికి పంపగలిగేది అందువల్లే.

టీవీ పోటీ మొదట ఆ సీసాలను లాగేసుకుంటుంది. పోటీదారుకు దొరికేది స్టోర్‌రూములో అందరికీ పెట్టిన సరుకు. ఆడిషన్లలో ఇంటి నుంచి వండి తెచ్చిన వంటకాన్ని రుచి చూపించే పద్ధతి ఉంది, చాలామంది ఇంటి వంటవాళ్ళు తమ అసలు బలం చూపించగలిగేది అక్కడే. తర్వాత వాళ్ళు కాలం లేని వంటను కొత్తగా నేర్చుకోవాలి. ఆ నేర్పును నేను తక్కువ చేయను. హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేస్తూ 2020లో హిందీ ‘మాస్టర్ చెఫ్’ ఆరో సీజన్ గెలిచిన ఒడిశా యువకుడు అబినాస్ నాయక్ లాంటివాళ్ళు దాన్ని గొప్పగా నేర్చుకున్నారు. నా బాధ వేరు. వేగంగా వండగలిగిందే గొప్ప వంట అని చూసేవాళ్ళకు అలవాటైతే, నిదానపు వంటలు పాతకాలపు వంటల్లా కనబడతాయి.

2021 జూలైలో ‘మాస్టర్ చెఫ్ ఆస్ట్రేలియా’ ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి చేసిన పని అందుకే నాకు ముఖ్యం. ఆమె పాంతా భాత్‌ను, అంటే నీళ్ళలో నానబెట్టి పులిసిన అన్నాన్ని, పొగ పట్టించి, ఆలూ భర్తా, సార్డిన్ చేపతో న్యాయనిర్ణేతల ముందు పెట్టింది. ఆ పోటీలో మూడో స్థానంలో నిలిచింది. బెంగాల్ రైతు పొద్దున్నే తినే కూడు ప్రపంచమంతా చూసే బల్ల మీదికి వచ్చింది. చూస్తున్నంతసేపూ నాకు మన చద్దన్నం, తరవాణి, చోడి అంబలి గుర్తొచ్చాయి. ఎండాకాలం విశాఖ వీధుల్లో చోడి అంబలి తాగని కష్టజీవి అరుదు. తరవాణి కుండలో ఏరోజు గంజి ఆరోజు కలుపుతూ, పాత పులుపును కొత్త గంజికి అందిస్తూ పోతారు. ఆ కుండ ఒక జీవించే పాత్ర, అందులోని లాక్టిక్ బాక్టీరియా వంశం ఇంటి వంశంతో పాటే సాగుతుంది. దాన్ని ఏ పోటీలోనూ గంటలో తయారు చేయలేరు.

2024లో తెలుగు ‘మాస్టర్ చెఫ్’ మళ్ళీ వచ్చింది, ఈసారి సోనీ లివ్‌లో, సంజయ్ తుమ్మ, చలపతిరావులతో పాటు నికిత ఉమేశ్ న్యాయనిర్ణేతగా. పోటీలు ఆగవు, ఆగనక్కర్లేదు కూడా. అందులో ఒక్క రౌండు మార్చమని నిర్మాతలను అడుగుతాను. ఆ రౌండు రాత్రి తొమ్మిదింటికి మొదలవ్వాలి. గంట సమయం ఇచ్చి, ఎవరికి నచ్చింది వాళ్ళు నానబెట్టుకోనివ్వండి, రుబ్బుకోనివ్వండి, చీలికలు పెట్టి ఉప్పు పట్టించుకోనివ్వండి, పులుసు పెట్టి దింపుకోనివ్వండి. పదింటికి వంటగదికి తాళం వేసి అందరినీ నిద్రకు పంపండి. పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసి ఇంకో అరగంట ఇవ్వండి. రాత్రంతా కెమెరా నడిపే ఖర్చు కూడా లేదు, గంటకొక ఫొటో తీసే పరికరం పిండి గిన్నె ముందు పెడితే చాలు. పొంగుతున్న పిండి తెర మీద పది సెకన్లలో కనబడుతుంది. పక్కన పీహెచ్ కాగితం ముంచి చూపిస్తే, ఆరు దగ్గర మొదలైన పిండి తెల్లారేసరికి నాలుగున్నరకు దిగడం పిల్లలు కూడా చూస్తారు. రాత్రి దింపిన చేపల పులుసు ముక్కనొకదాన్ని, పొద్దున పెట్టిన పులుసు ముక్కనొకదాన్ని నడిమికి కోసి, ఏది ఎవరిదో చెప్పకుండా న్యాయనిర్ణేతల ముందు పెట్టండి. నడిముక్కను మాత్రమే రుచి చూడమనండి.